నీళ్లను అడిగే విద్య
(కుసుమంచిలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ రోజు ఇక్కడ కూడామో, ఆయనను మనలో ఎవరూ పేరు పెట్టి పిలిచింది లేదు. అందరికీ ఆయన సారు. నేనూ అట్లాగే పిలుస్తాను. ఈ ఊళ్లో కాకతీయుల నాటి గణపేశ్వరాలయం చరిత్ర చెప్పగల పెద్దలు చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయే చరిత్ర వేలెడంత గాజు గొట్టంలో నడిచింది. సారు జీవితమంతా చెప్పిన పాఠం అదే.

మా ఇంటర్ రోజుల్లో ఒక మధ్యాహ్నం సాల్ట్ అనాలసిస్ చేస్తున్నాం. పరీక్షనాళికలో సాల్టు ద్రావణం పోసి, కొంచెం సజల నైట్రికామ్లం కలిపి, రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేయాలి. పాలు విరిగినట్టు తెల్లటి అవక్షేపం వస్తే క్లోరైడ్. ఆ రోజు అందరి నాళికలూ తెల్లబడ్డాయి. సారు తలా ఒక సాల్టు ఇచ్చినా, అందరం క్లోరైడ్ అనే రాశాం. సారు రికార్డులు చూశారు, కోప్పడలేదు. ఒక నాళికలో ల్యాబు నల్లా నీళ్లు పట్టి, సాల్టేమీ వేయకుండానే సిల్వర్ నైట్రేట్ చుక్క వదిలారు. ఆ నీళ్లు కూడా తెల్లబడ్డాయి. "మీరు పరీక్ష చేసింది సాల్టును కాదురా, మన బోరు నీళ్లను" అన్నారు. నాళికలు కడిగిందీ, సాల్టు కరిగించిందీ ఆ నీళ్లతోనే. ఆ తరువాత మాలో ఎవరూ డిస్టిల్డ్ వాటర్ సీసా పక్కన లేకుండా ప్రయోగం మొదలుపెట్టలేదు.

అవక్షేపం అంటే ఏమిటో ఇంటి భాషలో చెప్పుకుందాం. మన అడవి పల్లెల్లో కుండ లోపల చిల్లగింజ అరగదీసి బురద నీళ్లు తేర్చుకునేవాళ్లు. అది నీటిలో తేలే మట్టిని అడుగుకు దించడం. అవక్షేపం పని వేరు. కంటికి కనబడకుండా కరిగి ఉన్నదాన్ని బయటికి రప్పిస్తుంది. ఆకుకు రాసే సున్నాన్ని నీళ్లలో కలిపి, పైతేట వంచుకుని, గొట్టంతో ఊదితే పాలలా మారుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. ఇంకా ఊదుతూ పోతే మళ్లీ తేటపడుతుంది. ఆ రెండో మార్పు దాకా ఓపిక పట్టిన పిల్లవాడికే పాఠం పూర్తయినట్టని సారు అనేవారు.

ఈ విద్య నీళ్ల పరీక్షతోనే ఎదిగింది. 17వ శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ నీటిలోని ఉప్పును వెండి ద్రావణంతో పట్టుకున్నాడు. మా ల్యాబులో తెల్లబడింది ఆ పరీక్షే. 25 డిగ్రీల వేడి దగ్గర సిల్వర్ క్లోరైడ్ లీటరు నీటిలో 2 మిల్లీగ్రాములైనా కరగదు. అందుకే కొద్దిపాటి ఉప్పు కూడా దొరికిపోతుంది. స్వీడన్‌లో టోర్బెర్న్ బెర్గ్‌మన్ 1778లో నీటి పరీక్షలను ఒక పద్ధతిలో పెట్టాడు. సల్ఫేట్‌కు బేరియం లవణం, సున్నానికి ఆక్సాలిక్ ఆమ్లం. నేటికీ మన ల్యాబు అరల్లో ఆ సీసాలే.

అయితే విద్యార్థి చేతికి నాళిక ఎప్పుడు వచ్చింది? చాలాకాలం ఆచార్యుడు చేస్తుంటే శిష్యులు చూసేవాళ్లు. 1824లో జర్మనీలోని గీసెన్‌లో లీబిగ్ 21 ఏళ్ల వయసులో ఆచార్యుడై, విద్యార్థులే స్వయంగా ప్రయోగం చేసే ల్యాబును నడిపాడు. 1841లో ఫ్రెసీనియస్ అనే 22 ఏళ్ల విద్యార్థి, తన అభ్యాసం కోసం రాసుకున్న విశ్లేషణ క్రమాన్ని పుస్తకంగా వేశాడు. గ్రూపుల వారీగా మనం చేసే సాల్ట్ అనాలసిస్ ఆ దారిలో వచ్చిందే. కుర్రవాళ్ల చేతుల్లో ఎదిగిన విద్య ఇది. దీన్ని కుర్రవాళ్లకు దూరం చేయడం న్యాయం కాదు.

ఈ విద్య తెలుగులోకి వచ్చిన దారి మన ఇరుగుపొరుగుది. మునగాల సంస్థానం దివాను కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్రతోపాటు రసాయన శాస్త్రాన్నీ తెలుగులో అచ్చువేయించారు. నిజాం ఏలుబడిలో 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మాత్రం ఉర్దూలో బోధించింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక ఇంటర్ పాఠాలు తెలుగులో చేతికందాయి. 'అవక్షేపం' అంటే కిందికి విసరబడింది అని అర్థం. నాళికను వెలుగుకు ఎత్తి పట్టి చూసిన పిల్లకు ఆ మాట మళ్లీ విడమరిచి చెప్పనక్కరలేదు.

మన ల్యాబు సీసాల్లో ఇంకొకటి ఉంది, అమోనియం మాలిబ్డేట్. ఫాస్ఫేట్ ఉంటే పసుపు అవక్షేపం ఇస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మాలిబ్డేట్‌నే నీలిరంగుకు మళ్లించి, ఆ రంగు చిక్కదనంతో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. పెద్ద పరిశోధనకూ పిల్లల ల్యాబుకూ మధ్య ఉన్న దూరం మనం అనుకునేంత కాదు.

ఇక మన కడుపుకోత. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంకరపోయే జబ్బును 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా నుంచి లోకానికి చెప్పారు. మన పక్కనున్న నల్లగొండ ఆ బాధను తరాలుగా మోసింది. ఒక సంగతి గమనించండి. క్లోరైడ్‌ను పట్టే సిల్వర్ నైట్రేట్ ఫ్లోరైడ్‌ను పట్టలేదు. సిల్వర్ ఫ్లోరైడ్ నీటిలో హాయిగా కరుగుతుంది. తేటగా, తియ్యగా ఉన్న నీళ్లే నడుములు వంచాయి. అవక్షేపం రాలేదంటే మనం అడిగినది లేదని మాత్రమే అర్థం. మనం అడగనిది ఉండవచ్చు. ఫ్లోరైడ్‌ను తీసే దారి కూడా చివరికి అవక్షేపమే చూపింది. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి, పేరుకున్న అల్యూమినియం హైడ్రాక్సైడ్‌తో ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతిని తయారుచేసింది. దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు నిలిచింది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా అన్నది మన దేశ ప్రమాణం.

ఇప్పుడు చాలాచోట్ల ఈ ప్రయోగాలను గైడు చూసి రికార్డులో ఎక్కిస్తున్నారు. లెడ్ నైట్రేట్, పొటాషియం అయోడైడ్ కలిపితే వచ్చే పసుపును చూడకుండానే పిల్లలు సమీకరణం అప్పజెబుతున్నారు. సీసం విషం కాబట్టి ఆ ప్రయోగం టీచరే కొద్దిగా చేసి చూపాలి, మిగిలింది సింకులో పోయకుండా విడిగా దాచాలి. సున్నపు తేట మాత్రం టీచర్ పక్కన ఉండగా ప్రతి పిల్లా తన చేత్తో చేయవచ్చు.

టీచర్లకూ తల్లిదండ్రులకూ నా మనవి ఇది. బడి తెరిచిన మొదటి వారంలో ప్రతి పిల్లా తన ఇంటి బోరు నీళ్లు ఒక సీసాలో తెచ్చుకోవాలి. పక్కన డిస్టిల్డ్ వాటర్ పెట్టుకుని, రెండింటినీ పరీక్షించి, ముందు చూసింది రాయాలి, తరువాతే పేరు రాయాలి. సారుకు అంతకు మించిన నివాళి నాకు తోచడం లేదు. ల్యాబుల తాళాలు తీయండి.