నిరాశ్రయులును మన సత్రధర్మమును
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ మహాసభలో మాటలాడుటకు మాకవకాశ మొసంగిన కార్యనిర్వాహక వర్గమువారికి కృతజ్ఞులము. విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ముందుగనే సెలవిచ్చియున్నారు. మేము మన సత్రమును గూర్చి, అందును ముఖ్యముగ దాని వాకిటిని గూర్చి, నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

సత్రములు కట్టుట తెలుగువారికి క్రొత్త కాదు. నదీతీరములందును, క్షేత్రములందును, రాదారులయందును మన పూర్వులు సత్రములు నెలకొల్పి, వాని పోషణమునకు మాన్యములు వ్రాసియిచ్చిరి. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చిన బాటసారి కెల్ల వేళగాని వేళయందు సైతము అన్నము పెట్టిరి. అతని కులమేదియని యడుగలేదు. చెన్నపట్టణమున 1782లో కఱవుకాలమందు గంజి పోయుటకై వెలసిన మణియకారు సత్రము నాశ్రయించి క్రమముగ నొక వైద్యశాల పెరిగినది. నేటి స్టాన్లీ ఆసుపత్రికి మూలమదియే. ఆకలిగొన్నవానికి గంజి పోసినవారు వాని రోగమును గూడ చూడవలసి వచ్చెను. ధర్మకార్యమున కిట్టి పెరుగుదల సహజము.

మన సత్రమున కొక నియమము గలదు. బస మూడు దినములు మాత్రమేయని గోడమీద వ్రాసియున్నది. ఇది తప్పు కాదు. యాత్రికుడు స్నానముచేసి, దైవదర్శనము చేసికొని, తన యింటికి మరలును. అతడు పోయినగాని వెనుకవచ్చువానికి గది దొరకదు. కాని ఈ నియమము ఇల్లు గలవాని నుద్దేశించి యేర్పడినది. మరలిపోవుటకు ఇల్లే లేనివాడు నాలుగవ దినమున ఎచ్చటికి పోవలెనో అందు వ్రాయలేదు.

ఇచ్చట మా తప్పొకటి మీ యెదుట చెప్పుకొనవలసియున్నది. 2015 గోదావరీ పుష్కరములు ముగిసిన పిదప, మేము సత్రపు లెక్కలు చూచుచున్న దినములలో, డెబ్బది యేండ్లు దాటిన వృద్ధుడొకడు మన యరుగుమీద పండుకొనుచుండెను. కొడుకుతో వచ్చి జనసమ్మర్దములో విడిపోతినని మొదట చెప్పెను; కొడుకు మరల రాడని తరువాత తానే యొప్పుకొనెను. పగలు పూలబుట్టలు మోసి నాలుగు రూపాయలు తెచ్చుకొనుచు, ఎవ్వరికిని భారము కాకుండెను. నాలుగవనాడు మేమే యతనిని లేపి, "తాతా, నియమము గదా" యని పంపివేసితిమి. అతడెదురాడలేదు. గోనెసంచి మడిచికొని, తాను పండుకొన్న చోటు తుడిచి మరీ పోయెను. ఆ రాత్రి సత్రములో పదునొకండు గదులు ఖాళీగ నుండెను. ఆ లెక్క మా చేతివ్రాతతోనే పుస్తకములో నున్నది.

ఇట్టివారు కొలదిమంది కారు. 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి జనగణనవారు రోడ్డు ప్రక్కలను, వంతెనల క్రిందను, రైలు ప్లాటుఫారములమీదను, గుడి మండపములందును పండుకొన్నవారిని లెక్కింపగా, దేశమంతట 17 లక్షల 70 వేలకు పైబడిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది పట్టణములలోనివారే. వీరందఱు బిచ్చగాండ్రని తలపరాదు. బరువులు మోయువారు, కట్టడముల కూలీలు, పెండ్లివిందులలో ఎంగిలాకులు తీయువారు, పాతకాగితము లేరువారు వీరిలో నున్నారు. మన యిండ్ల శుభకార్యములు వీరి కష్టముచేతనే సాగుచున్నవి.

ప్రభుత్వమువా రేమియు చేయలేదనుట న్యాయము కాదు. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకమున, పట్టణ జనాభా లక్షకు నూర్గురు నిలువదగిన ఆశ్రయ మొకటి యుండవలెననియు, మనిషికి 50 చదరపు అడుగులకు తక్కువ కారాదనియు నిబంధన చేసిరి. హైదరాబాదు, విజయవాడ మొదలగు నగరములలో ఇట్టి ఆశ్రయములు వెలసినవి. సేవాసంఘములును వాని నిర్వహణమున పాలుగొన్నవి. కావున మనవంటి సంఘమునకు ఇందు చోటున్నది.

కప్పు ఒక్కటియే చాలదు. ఇల్లు లేనివానికి చిరునామా లేదు; చిరునామా లేనివానికి రేషన్ కార్డు, పింఛను, బ్యాంకు ఖాతా దుర్లభములు. ఓటరు జాబితా విషయమున ఎన్నికల సంఘమువారు చక్కని త్రోవ చూపిరి. నిరాశ్రయుడు దరఖాస్తు చేసినయెడల, ఉద్యోగి రాత్రివేళ పోయి, అతడు చెప్పిన చోటనే పండుకొనుచున్నాడా యని చూచుకొనును. నివాసమునకు వేఱు కాగితమడుగడు. ఇక మతి చలించి తిరుగువారిని లాకప్పులో నుంచరాదనియు, పోలీసువారు 24 గంటలలోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్పవలెననియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించుచున్నది. చట్టములున్నవి, చేయిపట్టి తీసికొనిపోవువారు కావలెను.

కావున మేము కోరునది మూడు విషయములు. ఒకటి: సత్రమున వాకిటివైపు నాలుగు గదులు, స్త్రీలకు వేఱుగ రెండు గదులు, మూడు దినముల నియమము లేక నిరాశ్రయుల కుంచవలెను. రెండు: వారి మూటలు దాచుకొనుటకు పెట్టెలును, ఉత్తరములు వచ్చుటకు సత్రపు చిరునామాయు నీయవలెను, దరఖాస్తులు వ్రాయుటకు గుమాస్తా సాయపడవలెను. మూడు: మనలోని వైద్యులును, న్యాయవాదులును నెలకొక్క దినము వచ్చి వారి యిబ్బందులు విచారింపవలెను.

దొంగతనము, త్రాగుడు మొదలగు భయములు కొందఱు చెప్పుదురు. యాత్రికులలోను అట్టివా రుండిరి. కావలివానిని పెట్టి నడుపుకొంటిమి గాని సత్రము మూయలేదు. సంఘధనము మనవారికే చెందవలెనని మఱికొందఱందురు. ఈ మాట తేలికగ త్రోసివేయదగినది కాదు; దాతలు మనవారి మేలుకోరియే యిచ్చిరి. అయినను ఆ వృద్ధుని కులమేదో మేమడుగలేదు. అతడు మనవాడే యైయుండవచ్చును, కాకపోవచ్చును. మనవాడని తెలిసిన నుంచుకొని, కాదని తెలిసిన పంపివేయుటకు ఆ యరుగు కట్టినవా రొప్పుకొందురా? అరుగు వీథివైపునకు కట్టుదురు గాని లోపలివైపునకు కట్టరు గదా!

ఈ మూడు విషయములును రేపటి తీర్మానములలో చేర్చియున్నాము. పోషకులు ఈ యేడు గోడలకు చలువఱాతి పలకలు వేయింపదలచిన సొమ్మును ఈ గదుల కిచ్చినచో మొదటి సంవత్సరపు వ్యయము చాలవఱకు గడచును. ఆ వృద్ధుని మేము మరల చూడలేదు. అతనికి చేయని యుపకారము నాలుగవనాడు లేచి పోవలసిన మఱియొకనికైన జరుగునట్లు మీ సమ్మతి నీయవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.