పతకపు అంచున నున్న పేరు



బెంగుళూరి అలసూరు చెరువు చెంతనున్న మద్రాసు సాపర్ల దళము 1780లో పుట్టినది. అందు చేరిన తెలుగువారు పెక్కురు. కోహిమా యుద్ధసమాధుల చోట, దహనసంస్కార మందిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు స్మారకము గలదు. బర్మాలోని టౌక్యాన్ స్మారకముపై సమాధి యెరుగనివారి పేళ్ళు సుమారు 27,000. అన్నియు ఇంగ్లీషు లిపిలోనే. అందు మన తాతను గుర్తుపట్టుటెట్లు?

1914–18 యుద్ధపు వెండిపతకము అంచున సైనికుని సంఖ్య, పేరు, దళము చెక్కియుండును. దానిని కరిగించి మురుగులు చేయించుకొన్న యిండ్లును గలవు, పోనిండు. ఉన్నవారైనను చింతపండుతో తోమి ఆ అక్షరముల నరుగదీయక, సంఖ్యను వ్రాసికొని, ప్రక్కనే ఇంటిపేరు, ఊరు తెలుగున చేర్చి సంఘమునకు పంపుడు. వంటవారుగను, మోతగాండ్రుగను వెళ్ళినవారిని విడువవలదు. వారికిచ్చినది కంచుపతకము, దాని యంచునను పేరున్నది.