చీకట్లో దారి తప్పిన విమానం

1999 జులై 16 రాత్రి, అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ కెనెడీ జూనియర్ నడుపుతున్న పైపర్ సారటోగా విమానం మార్తాస్ వినియార్డ్ దీవి దగ్గర సముద్రంలో కూలింది. ఆయనా, భార్యా, ఆమె అక్కా చనిపోయారు. దర్యాప్తులో యంత్రలోపమేదీ బయటపడలేదు.

ఆ రాత్రి చుట్టూ మసక, కింద నల్లని నీళ్లు. నీరూ ఆకాశమూ కలిసే గీత కనబడకపోతే లోపలి చెవి మోసం చేస్తుంది. విమానం పక్కకు ఒరిగి కిందికి జారుతున్నా తిన్నగా పోతున్నట్టే ఒంటికి తోస్తుంది. అప్పుడు నమ్మాల్సింది ఎదురుగా ఉన్న మీటర్లనే. వాటినే చూస్తూ నడిపే అర్హత కెనెడీ జూనియర్‌కు ఇంకా రాలేదు.

ఇంధనం అయిపోయి, ఇంజన్ ఆగి కూలే విమానాలూ ఉన్నాయి. అయితే చిన్న విమానాల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా గాల్లో అదుపు తప్పడమే. పైలట్ శిక్షణలో ఉన్న పిల్లలూ, ఆ అర్హత చేతికొచ్చేదాకా మసక రాత్రుల్లో బయలుదేరకండి.