పల్లెలలో మధుమేహము - పంచాయతీలు చేయదగిన పని

(కొండపల్లిలో జరిగిన పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభకు వచ్చుచు దారిలో ఒక బొమ్మల దుకాణము ముందు కొంతసేపు నిలిచితిని. తెల్లపొణికి కొయ్యతో చేసిన ఆ బొమ్మలలో రోకళ్లతో దంచుచున్న స్త్రీలు కలరు, చల్ల చిలుకుచున్న గృహిణి కలదు, తాడిచెట్టు నెక్కుచున్న గీత కార్మికుడు కలడు. బొమ్మలన్నియు పనిచేయుచునే యున్నవి. మన యిండ్లలోను పొలములలోను అట్టి పనులలో చాలభాగము నేడు యంత్రములు చేయుచున్నవి. ఆ శ్రమను తిరిగి తెచ్చుకొనుడని చెప్పుటకు నేను రాలేదు. దంచి దంచి నడుములు పడిపోయిన మన తల్లులు అందుకు సమ్మతింపరు. కాని శ్రమ తగ్గినప్పుడు తిండియు దానికి తగినట్లు మారవలసియుండెను. అది మారలేదు. బియ్యము మాత్రము మరింత తెల్లబడినది.

మధుమేహము పట్టణములలోని ధనికుల జబ్బని పల్లెలలో ఇంకను పలువురు అనుకొనుచున్నారు. గోదావరి ప్రాంతములోని 20 గ్రామములలో 30 ఏండ్లు నిండిన నాలుగువేల అయిదువందలకు పైబడిన జనులను పరీక్షించి, ఆ ఫలితములను 2006లో ప్రకటించిరి. నూటికి 13 మందికి మధుమేహము ఉన్నట్లు తేలినది. అంతకన్న విచారకరమైన సంగతి మరొకటి కలదు. ఆ రోగులలో ఇంచుమించు సగము మందికి తమకు వ్యాధి యున్నదనియే తెలియదు. గోదావరి డెల్టాకును మన కృష్ణా డెల్టాకును పంటలో గాని, భోజనములో గాని పెద్ద భేదము లేదు గదా!

ఈ వ్యాధి ఎట్లు కలుగునో క్లుప్తముగా చెప్పెదను. మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరును. కడుపులోని క్లోమమను గ్రంథి నుండి ఇన్సులిన్ అను రసము పుట్టి, ఆ చక్కెరను కండరములకు చేర్చును. నడుము చుట్టు క్రొవ్వు పెరిగి, శరీరమునకు కదలిక తగ్గినచో ఇన్సులిన్ ఉన్నను సరిగా పనిచేయదు. చక్కెర రక్తములోనే నిలిచిపోవును. కొందరు పిల్లలకు ఇన్సులిన్ బొత్తిగా పుట్టని మరొక విధమైన మధుమేహము వచ్చును. అది వారి తిండివలన గాని, తల్లిదండ్రుల తప్పువలన గాని వచ్చినది కాదు. 1922లో ఇన్సులిన్ సూదిమందు వాడుకలోనికి వచ్చువరకు అట్టి పిల్లలు బ్రదుకుట అరుదు. వారికి ఆ మందు ఒక్కపూటయు మానరాదు.

అతిదాహము, మాటిమాటికి మూత్రము, మానని పుండు, మసకచూపు - ఇవి గుర్తులే. కాని పెక్కుమందికి ఏండ్ల తరబడి ఏ గుర్తును కనబడదు. నేను చూచిన ఒక రైతు సంగతి చెప్పెదను. చెప్పులు లేక పొలము గట్టుపై నడచుచుండగా కాలిలో తుమ్మముల్లు విరిగినది. ఆయనకు నొప్పి తెలియలేదు. వ్యాధి అప్పటికే కాలి నరములను మొద్దుబార్చినది. వ్రేలు నల్లబడిన తరువాత భార్య చూచి ఆస్పత్రికి తీసికొనివచ్చినది. రక్తపరీక్ష ఆయనకు జన్మమున అదియే మొదటిసారి. మొదట వ్రేలు, పిమ్మట పాదము తీసివేయవలసివచ్చినది. అయిదేండ్ల క్రిందట ఒక్క చుక్క రక్తము పరీక్షించియున్నచో ఆ పాదము నిలిచెడిదని నా నమ్మకము.

“నేను కాఫీలో చక్కెర మానితినండీ” అని చాలమంది గర్వముగా చెప్పుదురు. సంతోషమే. కాని ముప్పూటల కంచము నిండ తెల్లని అన్నము తినుచు చక్కెర ఒక్కటి మానిన లాభము కొంచెమే. అన్నము ఒక వంతు తగ్గించి, కూరగాయలు, పప్పు పెంచవలెను. పొట్టు తీయని జొన్నలు, కొఱ్ఱలు మంచివే. అయితే చెంబెడు రాగిజావ త్రాగి, ఆపైన ఎప్పటి అన్నము ఎప్పటివలెనే తినువారిని నేనెరుగుదును. అది వైద్యము కాదు, అదనపు భోజనము. రోజునకు అరగంట చురుకుగా నడువవలెను. దినమంతయు కూర్చుండి ఉలి పట్టు బొమ్మల పనివారును, అంగళ్లలో కూర్చుండువారును నడుమ నడుమ లేచి తిరుగవలెను. ఇది ఉత్త ఉపదేశము కాదు. చక్కెర హద్దు మీద నున్న వారికి తిండి, నడక మార్చి చూచిన మన దేశపు పరిశోధన యొకటి 2006లో వెలువడినది. మూడేండ్లలో వ్యాధి కలుగుట నూటికి 28 పాళ్లు తగ్గినట్లు అందులో తేలినది.

ఇక మీ పని. కొండపల్లి నేడు పురపాలక సంఘమైనది గాని, మీ గ్రామములలో ప్రతి గడపయు మీకు తెలిసినదే. 30 ఏండ్లు నిండిన వారి జాబితా వార్డుల వారీగా వ్రాయించుడు. ఆరోగ్య ఉపకేంద్రపు నర్సును, ఆశా కార్యకర్తను కూర్చుండబెట్టి, ఎవరికి పరీక్ష జరిగినదో, ఎవరికి జరుగలేదో గుర్తు పెట్టించుడు. గర్భిణిగా ఉన్నప్పుడు చక్కెర పెరిగిన స్త్రీల పేర్లు తప్పక చేర్చవలెను. పరగడుపున చక్కెర 100కు లోపున్న మంచిది. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126 గాని, అంతకు మించి గాని ఉన్నచో రెండవసారి పరీక్షించి నిర్ధారించుకొనవలెను. వ్యాధి యున్నదని తేలినవారు ఆకుపసరులను నమ్మి మాత్రలు మానకుండ చూడుడు. సాయంకాలము స్త్రీలు నిర్భయముగా నడచుటకు బడి ఆవరణలో నాలుగు దీపములు పెట్టించుట కూడ వైద్యసహాయమే. మరియు, పంచాయతీ సమావేశములలో మిఠాయి పొట్లము, రంగునీళ్ల సీసా పంచు ఆచారమును మీరే ముందు మానవచ్చును.

పరీక్ష దినమున జనులను ఉదయముననే పిలువుడు. ముందురాత్రి భోజనము తరువాత మంచినీరు తప్ప మరేమియు పుచ్చుకొనరాదని దండోరా వేయించుడు. కాఫీ కూడ త్రాగరాదని విడిగా చెప్పవలెను. మనవారు కాఫీని తిండిలో లెక్క వేయరు.