సైగ కూడా మాటే



స్కాలర్‌షిప్పుల గురించీ, షాదీఖానా గురించీ మాట్లాడేవారు వేరే ఉన్నారు. మాకు అప్పగించిన విషయం చిన్నదిగా కనబడుతుంది గాని చిన్నది కాదు. వినబడనివారు, మాట రానివారు మన ఇళ్లలో ఉన్నారు. వారితో మనం ఎలా మాట్లాడుతున్నాం? అసలు మాట్లాడుతున్నామా?

మన వేంసూరు వైపు అలాంటి పిల్లవానికి పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు "మూగోడు". అదేమంటే, "వాడికి వినబడదు కదా" అంటారు. నిజమే, వాడికి వినబడదు. పక్కనున్న పదిమందికీ వినబడుతుంది.

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. మిగతా పిల్లలు రెండూ పట్టేస్తారు. ఈ బిడ్డకు రెండూ అందవు. తల్లికీ బిడ్డకూ మధ్య పదో ఇరవయ్యో సైగలు పుడతాయి. అన్నం, నీళ్లు, నిద్ర, కొడతా - అంతే. వాటితో ఆకలి చెప్పుకోవచ్చు. నొప్పి ఎప్పటినుంచో డాక్టరుకు చెప్పలేడు, తనను ఎవరు కొట్టారో పెద్దమనుషులకు చెప్పలేడు. ఆ తల్లి కన్నుమూస్తే ఆ భాష తెలిసిన మనిషి లోకంలో మరొకరుండరు.

అందుకే మేము అడిగేది ఇంటి సైగలు కాదు, భాష. భారతీయ సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది. దానికోసం 2015లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం పరిశోధన, శిక్షణ సంస్థ పెట్టింది. 2021లో వచ్చిన ఆ సంస్థ నిఘంటువు మూడో కూర్పులో 10,000 పదాలున్నాయి. సైగలు నేర్పితే నోరు తిరగదని కొందరు భయపడతారు. ఈ భయం పాతదే. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల ఉపాధ్యాయుల మహాసభ బడుల్లో సైగలు వద్దని తీర్మానించింది. 2010లో వాంకూవర్‌లో కూడిన అదే మహాసభ ఆ తీర్మానాలను తోసిపుచ్చింది. మధ్యలో 130 ఏళ్ల పిల్లలు పోయారు.

చట్టం ఏమంటుందో వినండి. మాట రాని సాక్షి రాసి గాని, సైగలతో గాని చెబితే అది నోటిమాట సాక్ష్యమేనని 1872 సాక్ష్య చట్టమే అంది. దుబాసీని పెట్టాలి, వీడియో తీయాలి అని 2013లో చేర్చారు. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త సాక్ష్య చట్టంలో 125వ సెక్షను అదే. మన ఫిఖ్హ్ కూడా ఇదే మాట చెప్పింది. 19వ శతాబ్దంలో ఉస్మానీ తుర్కీ రాజ్యం హనఫీ న్యాయాన్ని కూర్చిన మజల్లాలో 70వ సూత్రం ప్రకారం, మాట రానివాని తెలిసిన సైగ నోటిమాటతో సమానం.

మరి మన నికాహ్‌లలో జరిగేదేమిటి? మాట రాని పిల్లను అడగవలసినవారు తండ్రి వైపు తిరిగి, "ఆమెకేం తెలుసు, మీరే చెప్పండి" అనడం మేము చెవులారా విన్నాం. చదువు వస్తే కాగితం మీద రాసి చూపించండి. రాకపోతే ఆమె సైగలు తెలిసిన ఆపానో, ఖాలానో పక్కన కూర్చోబెట్టి అడగండి. వద్దు అనే సైగ కూడా ఆమెకు వచ్చు.

కేరళలో మలప్పురం జిల్లా పులిక్కల్‌లో ఒక మసీదులో శుక్రవారం ఖుత్బాను సైగలలో చెప్పే ఏర్పాటు చేశారు. అంత మనకు ఇప్పుడే కుదరకపోవచ్చు. కాని బిడ్డకు పరీక్ష చేయించడం కుదురుతుంది. 1983లో బొంబాయిలో స్థాపించిన జాతీయ వినికిడి సంస్థకు మన హైదరాబాదు వారైన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరే ఉంది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉంది. అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సభ అయ్యాక పేర్లు ఇవ్వండి. బస్సు చార్జీలు సంఘం భరిస్తుందా అని ఇందాక అడిగితే కార్యదర్శి గారు నోరు మెదపలేదు గాని తలూపారు. మేము దాన్ని ఒప్పుకున్నట్టే రాసుకున్నాం.