థాడియస్ స్టీవెన్స్
అమెరికాలో బానిసత్వమును రూపుమాపిన లింకనును మనమందరము ఎరుగుదుము. థాడియస్ స్టీవెన్సును అంతగా ఎరుగము. 1792లో వెర్మాంటున పేదయింట వంకరపాదముతో జన్మించిన ఈయన పెన్సిల్వేనియాలో న్యాయవాది యయ్యెను. 1821లో యజమాని పక్షమున వాదించి, స్వేచ్ఛకై న్యాయస్థానమెక్కిన చారిటీ బట్లరు అను స్త్రీకి అది దక్కకుండ చేసెను. తరువాతి జీవితమంతయు ఆ గెలుపునకు ప్రాయశ్చిత్తమా యనిపించును. పారివచ్చిన బానిసల పక్షమున వాదించెను. 1835లో రాష్ట్ర శాసనసభలో ఉచిత పాఠశాలల చట్టమును రద్దు కాకుండ నిలిపెను. అంతర్యుద్ధానంతరము, చట్టము ముందు అందరును సమానులే యను పదునాలుగవ రాజ్యాంగ సవరణకై ప్రతినిధుల సభలో పోరాడెను. అది 1868 జూలైలో ఆమోదము పొందెను. ఆగస్టులో ఆయన కన్నుమూసెను. లాంకాస్టరులో వర్ణభేదము పాటింపని చిన్న శ్మశానమునే తనకై ఎన్నుకొనెను. సమత్వమును చట్టమున వ్రాయించుట ఒక ఎత్తు. మట్టిలో గూడ పాటించుట మరియొక ఎత్తు.