ఏం బట్టలేసుకున్నావ్?

వెనక కూర్చున్న చెల్లెళ్లు కొంచెం ముందుకు రండి. తమ్ముళ్లు లేచి పోవద్దు, ఇవాళ మీతోనే ఎక్కువ పని ఉంది.

కొన్నేళ్ల కింద ఒక పిల్లను తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. సంత నుంచి వస్తుంటే దారి కాసి లాక్కుపోయారు ఆమెను. సరిగ్గా నిలబడలేకపోతోంది. అక్కడాయన కాగితం తీసి మొదట అడిగింది ఎవడు చేశాడని కాదు. "ఏం బట్టలేసుకున్నావ్?" అని. తర్వాత, "పొద్దుగూకాక ఒక్కదానివే ఎందుకొచ్చావ్?" అని. ఆ పిల్ల కట్టుకున్నది వాళ్లమ్మ పాత చీర.

ఇది ఒక్కడి బుద్ధి అనుకోకండి. 2011 చివర్లో ఉమ్మడి రాష్ట్ర డీజీపీయే ఆడవాళ్ల ఫ్యాషన్ బట్టల్ని అత్యాచారాలతో ముడిపెట్టి మాట్లాడారు. అదే ఏడాది కెనడాలో, టొరంటోలో ఒక పోలీసు విద్యార్థులకు ఇదే నీతి చెబితే అక్కడి ఆడవాళ్లు వేలల్లో రోడ్డెక్కారు.

సరే, బట్టలే కారణం అనుకుందాం. మన అవ్వలు రవికె లేకుండా, మోకాళ్ల పైకి చీర కట్టుకుని పోడు కొట్టారు, నీళ్లు మోశారు, సంతకు పోయారు. అది సిగ్గుమాలిన పని అని మనకెవరు నేర్పారు? కింద నుంచి వచ్చిన షావుకారు, కాంట్రాక్టరు, ఫారెస్టోళ్ల చూపులు. రవికెలు వచ్చాయి, పంజాబీ డ్రెస్సులు వచ్చాయి. ఆ చూపులు మాత్రం పోలేదు.

1972లో మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ పిల్ల, దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లోనే తనపై అత్యాచారం జరిగిందని ఇద్దరు పోలీసుల మీద కేసు పెట్టింది. ఆమెకేమో "అలవాటు పడ్డ పిల్ల" అని కింది కోర్టు ముద్ర వేసింది. హైకోర్టు శిక్ష వేస్తే, 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటి మీద గాయాల్లేవట! మరుసటేడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు కోర్టుకే బహిరంగ లేఖ రాశారు, ఆడవాళ్లు కదిలారు, 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిందని తేలాక, నాకు ఇష్టం లేదని ఆమె అంటే కోర్టు ముందుగా ఆ మాటే నమ్మాలి.

ఇక మన వాకపల్లి. 2007 ఆగస్టు 20. పదకొండు మంది కోందు అక్కలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. వాళ్లేమన్నా జీన్స్ వేసుకున్నారా? అక్కడ బట్టల మాట పనికిరాదు కాబట్టి, మావోయిస్టులు చెప్పిస్తే చెబుతున్నారన్నారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు పోలీసుల్ని నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని కూడా అదే కోర్టు అంది, ఆ అక్కలకు పరిహారం ఇవ్వమంది. దర్యాప్తు చేసిందెవరు? పోలీసులే కదా.

చట్టం సంగతి తెలుసుకోండి. ఇలాంటి ఫిర్యాదు రాసుకోకపోతే ఆ అధికారికే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, ఇప్పటి న్యాయ సంహితలో 199 సెక్షన్. మన స్టేషన్ పరిధి కాదని తిప్పి పంపకూడదు. వాంగ్మూలం మహిళా అధికారే రాయాలి. రెండు వేళ్ల పరీక్ష చేస్తే అది దుష్ప్రవర్తన కింద లెక్కని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. చేసినోడు బయటోడైతే అట్రాసిటీ సెక్షన్ పెట్టారో లేదో కాపీ తీసుకుని చదవండి, నోటిమాట నమ్మొద్దు.

ఇప్పుడు తమ్ముళ్లూ, మన గూడెం సంగతి. పెద్దమనుషులు కూర్చుని తప్పు కట్టించి, మేకను కోయించి, అయిపోయిందంటున్నారు. ఆ కూర్చున్న చోట కూడా పిల్లను అడిగేది అదే ప్రశ్న. లెగ్గింగ్ వేసుకున్న పిల్ల ఫొటో మీద మీలో కొందరు రాసే రాతలు నేను చూస్తూనే ఉన్నా. స్టేషన్‌లో అడిగిన మాటకూ మీ రాతకూ తేడా ఏంటో చెప్పండి, వింటా.

ఆ రోజు రాత్రి పదింటి దాకా అక్కడే కూర్చుంటే గానీ ఎఫ్‌ఐఆర్ నంబరు పడలేదు. సాక్ష్యమని చీర తీసుకున్నారు. దారిలో ఆ పిల్ల నన్ను ఒక్కటే అడిగింది: "అక్కా, ఆ చీర మళ్లీ ఇస్తారా? అది అమ్మది."